ఆ నీళ్లు ఎవరు తాగారు?

క్రేన్ నడిపేవాడి రెండు కిడ్నీల దారులూ రాళ్లతో మూసుకుపోయాయి. ఒకటి అప్పటికే పాడైపోయిందనీ, రెండోదాన్ని దక్కించుకోవడానికే ఈ ఆపరేషన్ అనీ డాక్టరమ్మ అతని భార్యకు చెప్పింది.

“ఇంత ఎండలో నీళ్లు తాగకుండా పనిచేస్తాడా మీ ఆయన?”

“అయ్యో, రోజూ పెద్ద సీసా నిండా నేనే పోసి పంపుతానమ్మా! సాయంత్రానికి చుక్క మిగలదు.”

“ఆయన ఒంట్లోకి మాత్రం వెళ్లినట్టు లేదు,” అంటూ డాక్టరమ్మ థియేటర్‌లోకి వెళ్లిపోయింది.

భార్య గిరుక్కున వెనక్కి తిరిగింది. గోడవారగా బెంచీ మీద ఆమె అన్న, ఆ క్రేన్ ఉన్న సైటులో మేస్త్రీ, హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

“అన్నయ్యా, రోజంతా అక్కడే ఉంటావుగా. ఆ నీళ్లు ఎవరు తాగుతున్నారు?”

“ఎవరూ తాగలేదే.”

“మరి క్రేన్ తాగిందా?”

అతను తల ఎత్తలేదు.

“నేనే పారబోయించాను, క్రేన్ ఎక్కేముందు, నిచ్చెన దగ్గరే. ‘తాగితే మాటిమాటికీ దిగాలి బావా, దిగితే పని ఆగుతుంది, నిన్ను తీసేస్తారు’ అన్నాను. నడుం పట్టేసిందంటే నొప్పి బిళ్లలు ఇచ్చాను. మూత్రం ఎర్రగా వస్తోందంటే వేడి చేసిందిలే అన్నాను. మీ పొయ్యి ఆరకూడదనే చేశానే! మొదట్లో బతిమాలేవాడు, ‘ఒక్క గుక్క బావా’ అని. తర్వాత అడగడం మానేశాడు. అలవాటు పడ్డాడనుకుని సంతోషించాను.”