గురువారం రొద

మార్చి ఏడో తేదీ. ఆ సాయంత్రం సోయకూర వేసిన పుట్టగొడుగుల సూపు, అందులో మెత్తగా ఉడికిన గుడ్డు. ట్రామ్ డిపో ఇంజనీరు బొహుమిల్‌కు వ్లాస్తా ఇంటికి తొలిసారి వెళ్ళిన రోజు అలాగే గుర్తుంది. భార్య పోయాక అతనికి వేడిగా వడ్డించినవాళ్ళు లేరు.

ట్రాము కదిలేటప్పుడు వచ్చే రొదకు నిద్ర పట్టడం లేదని ఆవిడ ఫిర్యాదు. అప్పట్నుంచి ప్రతి గురువారం ఆ ఇంటికి వెళ్తూనే ఉన్నాడు; ఇప్పుడు అక్టోబరు.

"ఊరంతా రొద పోయింది. ఆ ఒక్క ఇంటికే ఎందుకు పోదయ్యా?" అన్నాడు డిపో అధికారి హావ్రానెక్.

"అక్కడిది మొండి రొదండీ."

"ఇవాళ ఆవిడ చేత పోయిందనిపించుకుని రా. లేదంటే వచ్చే వారం నేనే వెళ్తా."

బొహుమిల్ ముఖం పాలిపోయింది. ఫిర్యాదు మూసేస్తే ఆ గడప తొక్కడానికి ఇంకో సాకు లేదు. హావ్రానెక్ అతన్ని కాసేపు చూసి, "ఆ చొక్కా మార్చుకుని వెళ్ళు," అన్నాడు.

బొహుమిల్ చివరి స్టాపులో దిగి, వీధి మధ్య పూలమడుల పక్కగా నడిచి వెళ్ళాడు.

"ఈసారి ఏం చేశారు?" సూపు పోస్తూ అడిగింది వ్లాస్తా.

"పైతీగలో వోల్టేజి తగ్గగానే మా కన్వర్టర్ కరెంటు ఇంకా ఎక్కువ లాగుతుందండీ. దాంతో దాని గుమ్మంలో ఉండే ఫిల్టరు ఉయ్యాలలా ఊగిపోతుంది. అదే రొద. వోల్టేజి తగ్గితే నువ్వూ కాస్త తగ్గమని దానికి నేర్పాను."

"బతికుండగా మా ఆయనకూ నేర్పాల్సింది. గిన్నెలో సూపు తగ్గేకొద్దీ పళ్ళెం ముందుకు తోసేవారు."

పళ్ళెం ముందుకు తోయబోయిన బొహుమిల్ ఆగిపోయాడు. ఆవిడ నవ్వి ఇంకో గరిటె పోసింది.

ఏడున్నరైంది, ఫిర్యాదులో రాసిన వేళ. ఇద్దరూ చెంచాలు ఆపి చెవులు రిక్కించారు.

"విన్నారా?"

"మీరే చెప్పాలండీ. పోయిందంటే ఫిర్యాదు ఇవాళే మూసేస్తారు."

వ్లాస్తా గరిటె కేసి చూసింది. "తగ్గింది. పోలేదు."

"కిందటి వారం కన్నానా?"

"ఓ పిసరు."

"వచ్చే వారం మా అధికారే వస్తానంటున్నారు."

"రానివ్వండి. ఆయనకీ వినిపిస్తుంది. మీరూ రండి, బాతు వండుతాను."

గుమ్మం దగ్గర, "చొక్కా బావుంది," అని, ఆవిడ చప్పుడు కాకుండా తలుపు మూసుకుంది.

ఆ వీధిలో ట్రాము నడవక అప్పటికి మూడేళ్ళు.