తెర వైపు చూడని మనిషి

ప్రొద్దుటూరు టాకీసుకు కొత్త బొమ్మ వచ్చి వారమైంది. ఆ వారమంతా ఒక ముసలాయన రోజూ వచ్చాడు.

నేల టికెట్టు కొంటాడు. అందరూ తెరకేసి కూర్చుంటే, ఆయన తెరకు వీపు పెట్టి కూర్చుంటాడు.

వెనక ఉన్నవి ఆడవాళ్ల బెంచీలు. వాటికి పైన ఆపరేటర్ గది.

గేటు కాసే ఆదినారాయణకు ఒళ్లు మండింది. ఆ పూట ఆ బెంచీల్లో అతని భార్య వనజమ్మా, ఇద్దరు పిల్లలూ ఉన్నారు మరి.

"ఏం సాయిబూ! బొమ్మ ముందరుంటే ఎనక్కి తిరిగి ఏం జూస్తాండావు?"

"ఈడ బాగుందప్పా."

"బాగుంటాది, ఎందుకుండదు! కాటికి కాళ్లు జాపుకున్నా కన్ను కుదురుగా లేదే!"

నేలంతా గొల్లున నవ్వింది.

ఆయన తల వంచుకున్నాడు. కాసేపటికి ఎత్తి, మళ్లీ వెనక్కే చూశాడు.

ఇంటర్వెల్ అయ్యాక ఆపరేటర్ గదిలో మెషీన్ కింద వైర్లు అంటుకున్నాయి. బొమ్మ ఆగింది. బొమ్మ వెలుతురు పడే కంతల్లోంచి పొగ.

అందరికన్నా ముందు ఉరికింది ముసలాయనే. మెట్లెక్కి, ఆపరేటర్‌ను రెక్క పట్టుకుని బయటికి లాగాడు. గోడకు తగిలించిన ఇత్తడి పంపు అందుకున్నాడు. మంటలార్పే మందు అందులోనే ఉంటుంది.

"అప్పా, ఆడోళ్లను బయటికి తోలు! ఎవురూ తలుపు తెరవాకండి!"

లోపల గడియ పడింది. కంతల రేకులు కూడా మూసుకున్నాయి.

మంట త్వరగానే ఆరింది. కింద జనం ఇంకా తోసుకుంటూనే ఉన్నారు. హాలు ఖాళీ అయ్యేదాకా ఆయన తలుపు తీయలేదు.

కళ్లు ఎర్రబడి, దగ్గుతూ దిగాడు.

"అందరూ బయటపడినారా? పిల్లోళ్లు?"

ఆదినారాయణ చెంప పగలగొట్టాడు.

"వారం నుంచి ఆ గదినీ ఆడోళ్లనీ కనిపెట్టుకోని ఉండావు. నువ్వే ఏందో చేసినావు! లేకుంటే గడియెందుకు ఏసుకుంటావు?"

మంట లేచినప్పుడు ఆయన అందరి కళ్లముందే నేల మీద ఉన్నాడని ఒక్కరికీ తోచలేదు. చెప్పాల్సిన ఆపరేటర్ భయపడి అప్పటికే ఇల్లు చేరాడు.

"గుక్కెడు నీళ్లియ్యప్పా."

"పొద్దున పోలీసోళ్లిస్తారు, తాగుదువులే."

సైకిల్ స్టాండు గుంజకు కట్టేశారు. వనజమ్మ చెంబుతో నీళ్లు తెస్తే, ఆదినారాయణ లాక్కుని పారబోశాడు.

తెల్లారేసరికి ఆయన తల వాలిపోయి ఉంది. నోటి దగ్గర నురగ.

డాక్టరు వచ్చి చూశాడు. పంపు తెప్పించి వాసన చూశాడు.

"ఇది కార్బన్ టెట్రాక్లోరైడ్. మంటనార్పుతుంది గానీ, కాలే ఇనుము మీద పడితే విషవాయువు పుడుతుంది. పీల్చిన మనిషి అప్పటికి బాగానే కనిపిస్తాడు. తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి పోతాడు."

"తలుపు తెరిచుంటే ఏమయ్యేది సార్?" అన్నాడు ఆదినారాయణ.

"బరువైన గాలయ్యా. నేరుగా కింద బెంచీల మీదికి దిగేది."

ఆదినారాయణ వంగి, గుంజకు కట్టిన తాడు విప్పాడు.

"ఈయన పేరేంటి?" అని డాక్టరు అడిగాడు. ఎవరికీ తెలియదు.

చాలా ఏళ్ల తర్వాత, ఆ మందు ఆకాశానికెక్కి ఓజోన్ పొరను తినేస్తోందని లోకమంతా గగ్గోలు పెట్టి దాన్ని మాన్పించింది. ఒక మనిషిని తిన్న రోజు మాత్రం ఎవరూ గగ్గోలు పెట్టలేదు.

ఆయన మసీదు దగ్గర తలదాచుకునేవాడని ఆ రోజే తెలిసింది. మసీదు వాళ్లు జరిగింది చెప్పి కబురు పంపితే, జమ్మలమడుగు నుంచి చెల్లెలు జానీబీ బస్సులో వచ్చింది.

ఆమె ఏడవలేదు. అన్న పాదాలకంటిన దుమ్ము కొంగుతో తుడిచింది.

"తలుపు మూసినాడా?" అని అడిగింది.

"మూసినాడమ్మా," అన్నాడు ఆదినారాయణ.

"ఆడోళ్లకేం గాలేదు గదా?"

"ఏం గాలేదు. నా పెండ్లాం బిడ్డలు ఆడనే ఉండిరి. నీ అన్నను నేనే కొట్టినా తల్లీ. నీళ్లు గూడా ఇయ్యనీయలేదు."

జానీబీ అన్న పక్కన కూర్చుంది.

"మా అన్న గూడా టాకీసు ఆపరేటరేనప్పా, వేరే ఊర్లో. ఒకపారి ఇట్లే మంట లేస్తే, ఇదే మందు కొట్టి, బెదిరిపోయి, తలుపు బార్లా తెరిచిపెట్టి బయటికి ఉరికినాడు."

అన్న ముఖం మీద గుడ్డ సర్దింది.

"ఆ పొద్దు కింద బెంచీలో మా వదిన ఉండె, ఒళ్లో బిడ్డనేసుకోని."