‘దు’ లోపం

గోడమీద ‘దు’ మళ్ళీ పోయింది.

పంతులుగారు కళ్ళజోడు సవరించుకుని మరొకసారి చూశారు. నిన్న సాయంకాలం దగ్గరుండి రాయించిన ‘ఇచ్చట చెత్త వేయరాదు’ అన్న వాక్యం తెల్లవారేసరికి ‘ఇచ్చట చెత్త వేయరా’ అయి కూర్చుంది. వారంలో ఇది మూడోసారి. ఒక్క అక్షరం లోపించి నిషేధం కాస్తా ఆహ్వానమైపోయింది. ముప్ఫై ఏళ్ళు వ్యాకరణం బోధించిన మనిషి ఇంటి పక్కగోడ, ఊరివాళ్ళందరినీ ఏకవచనంలో పిలిచి మరీ చెత్త పొయ్యమంటోంది! రేపు ఉదయమే చక్కని పల్లెలను ఎంపిక చేసే తనిఖీ బృందం ఈ దారినే వస్తుంది.

కబురందుకుని, ఆయన అధ్యక్షులుగా ఉన్న గ్రామశోభ సంఘం సభ్యులు భుజాన పచ్చపట్టీలతో, చేతుల్లో చీపుళ్ళతో, తట్టలతో గోడ ముందు గుమిగూడారు.

“పిల్లల చేష్ట అయ్యుంటుందండీ,” అన్నాడు దర్జీ.

“పిల్లలైతే బొమ్మలు గీస్తారు. సరిగ్గా ‘దు’ ఒక్కటే తీశాడంటే, వాడు అక్షరం విలువ తెలిసిన దుర్మార్గుడు,” అన్నారు పంతులుగారు. ఆయన చూపు తిన్నగా వెళ్ళి టీకొట్టు యజమాని మీద ఆగింది. ఆ వీధి శుభ్రం అతని బాధ్యత. రోజూ కొట్టు తెరవకముందే ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఊడ్చేది అతనే.

“మొదటిసారి పోయినప్పుడు పగలబడి నవ్విందెవరయ్యా?”

“నేనేనండి,” అన్నాడతను మెల్లగా.

“ఏమన్నావు అప్పుడు?”

“అంత ప్రేమగా పిలుస్తుంటే వెయ్యకపోతే మర్యాదా... అన్నానండి. ఏదో సరదాకి.”

వెనక వడ్రంగి కిసుక్కున నవ్వి, పంతులుగారి చూపు తగలగానే దగ్గుగా మార్చుకున్నాడు.

“అందరికంటే ముందు ఈ వీధిలోకి వచ్చేవాడివి నువ్వు. గీకింది నువ్వేనా?”

“అబ్బే, నేను కాదండి.”

“పోనీ, ఎవరో నీకు తెలుసా?”

టీకొట్టాయన నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. చేతిలో చీపురు కట్టును అనవసరంగా బిగించాడు.

“నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా, ఇప్పుడీ మూగనోము ఏమిటి? తెలియదని నా కళ్ళలోకి చూసి చెప్పు, చాలు.”

అతను చూడలేదు. తల ఇంకా వాల్చాడు.

“చూశారుగా! మౌనం అర్ధాంగీకారం,” అన్నారు పంతులుగారు అందరివైపూ తిరిగి. “తాను ఊడ్చిన వీధిలో తానే మన్ను పోసుకునేవాడు ఈ సంఘానికి పనికిరాడు. ఆ భుజం పట్టీ తీసెయ్.”

“పంతులుగారూ, రేపు బృందానికి తన వీధి చూపించాలని కొత్త చొక్కా కుట్టించుకున్నాడండీ. నిన్ననే కాజాలు కుట్టిచ్చాను,” అన్నాడు దర్జీ గొంతు తగ్గించి.

“చొక్కా తెల్లగా ఉంటే సరిపోదు నాయనా, లోపల కూడా తెల్లగా ఉండాలి.”

ఆ మాటకు మాత్రం టీకొట్టాయన తలెత్తాడు. కళ్ళలో కోపం లేదు. పచ్చపట్టీ విప్పి, నాలుగు మడతలు పెట్టి దర్జీ చేతిలో ఉంచాడు. చీపురు దుమ్ము దులిపి గోడకు ఆనించాడు. “ఆ మలుపు దగ్గర కాలవ ఇంకా తియ్యలేదు. ఎవరైనా చూడండి,” అని చెప్పి వెళ్ళిపోయాడు. అందరూ ఒక్కొక్కరే జారుకున్నారు.

పంతులుగారు రంగుడబ్బా తెచ్చుకుని, ముక్కాలి పీట వేసుకుని ‘దు’ రాయడానికి కూర్చున్నారు. కొమ్ము వంకరపోయింది. తుడిచి మళ్ళీ మొదలుపెట్టారు. కాలు జారితే తీసుకోవచ్చుగాని నోరు జారితే తీసుకోలేమని ఎన్ని తరగతులకు చెప్పారో ఆయనకే లెక్క లేదు. తప్పు చేసినవాడు పట్టీని అంత శ్రద్ధగా మడత పెడతాడా? నలుగురిలో ఆ చివరిమాట అనకుండా ఉండవలసింది. సాయంత్రం వెళ్ళి, నాలుగు మంచి మాటలు చెప్పి...

“మామయ్యగారూ, ఆ కుంచె కింద పెట్టండి.”

గోడ చివర, పక్కగుమ్మంలో కోడలు నిలబడి ఉంది. అయిదో నెల. ఏడ్చినట్టున్నాయి కళ్ళు.

“అది గీకింది నేను.”

ఆమె కుడిచెయ్యి చాచింది. గోళ్ళ సందుల్లో తెల్లగా సున్నం.

“కడుపుతో ఉన్నప్పటినుంచీ గోడ సున్నం చూస్తే నోరు ఆగడం లేదు. పైన రంగు పెచ్చు పారేసి లోపలిది తింటున్నాను. చెప్పుకోవడానికి సిగ్గేసింది. ఈ గుమ్మంలోంచి చెయ్యి చాస్తే అందేది ఆ చివరి అక్షరం ఒక్కటే.”

కుంచె కొసనుంచి నల్లరంగు బొట్లు బొట్లుగా పంచెమీద పడుతోంది.

“మరి అతను... అతనెందుకమ్మా తల దించుకున్నాడు?”

“మొన్న ఊడుస్తూ చూశాడు. ‘డాక్టరమ్మకి చూపించుకో చెల్లెమ్మా’ అన్నాడు. మీతో చెప్పేస్తాడని భయపడి, నోరు విప్పనని నా కడుపులో బిడ్డమీద ఒట్టు వేయించుకున్నాను, మామయ్యగారూ.”