లోపలున్న రెండు వేళ్లు

యంత్రాల దగ్గర ప్రమాదాలు ఆపే అంతర్జాతీయ ఒప్పందం మీద దేశం సంతకం పెట్టాక, నడిపేవాడి పది వేళ్లూ బయట కనిపిస్తేనే ఏ మరైనా తిరుగుతోంది. బసవయ్య తన కారం మర ముందు నిలబడి రెండు చేతులూ చాపాడు.

"ఎనిమిదే కనిపిస్తున్నాయి. లోపలున్న రెండు వేళ్లూ బయటకు తీయండి," అంది మర.

ఆ రెండూ పన్నెండేళ్ల కిందట, దానికి మూతా గీతా లేని రోజుల్లో, అందులోనే నలిగిపోయాయి. ఆ మాటే చెబితే, మర చూడటానికి వచ్చిన తనిఖీ అధికారి తల గోక్కున్నాడు. "నిజమేనయ్యా. కానీ ప్రపంచం మొత్తానికీ ఒకటే రూలు. మార్చటానికి నేనెవర్ని?"

కారం పట్టించుకుందామని వచ్చిన మస్తానమ్మ, గంటసేపు చూసి మిరపకాయల సంచి ఎత్తుకుంది. "ఏమంటందబ్బాయ్ నీ మర?"

"వేళ్లు తియ్యమంటంది పిన్నీ," అన్నాడు బసవయ్య, చేతులు దించకుండానే. "మింగింది అదేగా. అది ఇస్తే కదా నేను తీసేది!"