పెద్దమ్మ మాటే మాట

ఒకవైపు గోరంత చిప్పు. ఇంకోవైపు బీరువా అంత మెషీను. పోటీ పదకొండు గంటలకి.

ఒక్క చుక్క రక్తంలో చక్కెర ఎంతో, కొవ్వు ఎంతో చెప్పడం రెండిటి పనీ. మెషీను పేరు పెద్దమ్మ. ఆ పేరు పెట్టింది ఇరవై ఆరేళ్లుగా దాన్ని నడుపుతున్న ఆపరేటరు. దాని మీద ఇంకెవరి చెయ్యీ పడనివ్వడు. ఈ మధ్య దాని రొద తగ్గిందేమిటని ఎవరో అడిగితే, వయసొచ్చాక పెద్దవాళ్లు నెమ్మదిస్తారని నోరు మూయించాడు.

చిప్పు చేసింది పక్కగది పరిశోధకురాలు. మూడేళ్ల కష్టం. మొదట చేసిన అరడజనులో ఒకటి మూడు నెలల కిందట కనిపించకుండా పోతే గదంతా గాలించింది. పాపం, ఆపరేటరు కూడా మోకాళ్ల మీద పాకి బల్లల కింద వెతికాడు. దొరకలేదు.

పెద్దమ్మతో లెక్క కలిస్తేనే చిప్పుకి అనుమతి అంది డైరెక్టరు మేడమ్. కలవకపోతే తప్పెవరిదో తేల్చడానికి పెద్దమ్మ మూత విప్పిస్తానంది. తప్పు పెద్దమ్మదైతే అది పాతసామాన్లకి, ఆపరేటరు స్టోరుకి. ఆ మాట విన్నప్పటి నుంచి ఆయనకి ముద్ద దిగలేదు.

"భయంగా ఉంది బాబాయ్," అంది పరిశోధకురాలు.

"నాకూ అలాగే ఉంది తల్లీ." మనసులో మాటే చెప్పాడు.

పది శాంపిళ్లు. ఒక్కోదానిలోంచి చిప్పుకొక చుక్క, పెద్దమ్మకొక చుక్క. చిప్పు అంకె చూపించినప్పుడల్లా ఆయన ఊపిరి బిగబట్టాడు. ప్రింటరు టకటకలాడి కాగితం బయటికి తోసింది. పదికి పదీ దశాంశాలతో సహా కలిశాయి.

మేడమ్ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. "కవలలు కూడా ఇంతలా కలవరే."

పిట్ట కొంచెం కూత ఘనమంటూ చిప్పుకి అనుమతి రాసిచ్చింది. ఇకమీదట తయారయ్యే ప్రతి చిప్పునీ పెద్దమ్మ దగ్గరే సరిచూడాలంది. ఆపరేటరు రిటైరయ్యేదాకా ఆ గది ఆయనదే.

పరిశోధకురాలు సంతోషం పట్టలేక పెద్దమ్మని వాటేసుకుంది. "మీ పెద్దమ్మ నూరేళ్లు చల్లగా ఉండాలి బాబాయ్."

అందరూ వెళ్లాక ఆయన తలుపు గడియ పెట్టి, మూడు నెలల కిందటే ప్రాణం పోయిన పెద్దమ్మ మూత విప్పి, దాని పొట్టలో కూర్చుని పని చేస్తున్న గోరంత చిప్పుని దూదితో మెల్లగా తుడిచాడు.