ఖాళీ డబ్బా

మా కాలనీ బోరు నీళ్లలో విషం ఉంది. దాన్ని విరిచే ఉత్ప్రేరకాన్ని వెతకడానికి ఓ యంత్రం నలభై ఎనిమిది ఇళ్లకూ ఫిల్టరు డబ్బాల్లో తలో రకం పొడి వేసి పంపుతుంది. నెలనెలా మా రక్తం చూసి, పనికిరాని పొడులు తీసేస్తుంది. పోలిక కోసం ఒక్క ఇంటికి మాత్రం ఖాళీ డబ్బా ఇస్తుంది. ఏ ఇల్లో చెప్పరు.

పక్కింటి సుగుణవ్వ మనవరాలి అరచేతుల్లో నల్లమచ్చలు చూడగానే ఆ ఖాళీ డబ్బా వాళ్లదేనని నాకు అర్థమైంది.

“అవ్వా, ఎవ్వరికి చెప్పకు. రోజూ మా ఫిల్టరు నీళ్లు తీస్కపో,” అన్నాను.

మూడు నెలల్లో మచ్చలు మాయమయ్యాయి.

ఈ రోజు డబ్బాలు మార్చే మనిషి నవ్వుతూ వచ్చాడు.

“వెతుకుడు అయిపోయిందక్కా! మీ పొడి, అవ్వోళ్ల ఖాళీ డబ్బా సమానంగ ఫస్టొచ్చినయ్. ఖాళీదే అగ్గువ గదా, పొడి ఖర్చే ఉండది, ఇగ అందరికీ అదే.”

“అయ్యో, వాళ్లకు నీళ్లు నేనే ఇచ్చిన తమ్మీ!”

“అది రాయనీకి మిషన్ల గడి లేదక్కా.”

మా పాత డబ్బా ఊడదీసుకుని, కొత్తది నా చేతిలో పెట్టాడు. అసలు బరువే లేదు.

అప్పటికే సుగుణవ్వ బిందెతో మా గడపలో నిలబడి ఉంది.