కట్టె బంగ్లాలో చప్పుడు

"విన్నరా మేడం? మళ్ళ అన్నది!"

జంగప్ప చేతిలోని చీపురు వదిలేసి పైకి చూశాడు. గ్రంథాలయాధికారి అరుణాదేవి కూడా వింది. టక్‌మని ఒక్క చప్పుడు. పెద్దదేం కాదు గానీ ఆమె చూపు వెంటనే పిల్లల వైపు పోయింది.

హాలు నిండా పిల్లలు. శనివారం కథల పూట కదా, తాండూరు బడుల వాళ్ళే కాక పెద్దేముల్ నుంచి షేర్ ఆటోల్లో వచ్చినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మధ్య అరుణాదేవి కూతురు ప్రణవి, తనకంటే చిన్నవాళ్ళకు బొమ్మల పుస్తకం చదివి వినిపిస్తోంది. అందరి నెత్తిమీదా పెద్ద పెద్ద కర్ర దూలాలు.

ఈ కొత్త గ్రంథాలయం తెరిచింది ఈ ఏడే. పాత రాతి హాలుకు ఆనించి, రెంటికీ మధ్యనున్న రాతి గోడ ఒక్కటీ అలాగే ఉంచి, మిగతాదంతా కలపతో కట్టారు. తోటల్లో పెంచిన చెట్లను కోసి, పలకలు అతికించి చేసిన దూలాలవి. కోసినన్ని చెట్లూ మళ్ళీ నాటించారు. ఎండాకాలమంతా ఏసీ లేకుండానే చల్లగా ఉంది. అయినా ఊరు ఊరుకుంటుందా? గోడా, కప్పూ, అరుగూ, ఆఖరికి పొలం కంచె కూడా బండలతోనే వేసుకునే తాండూరులో కర్రను నమ్మేదెవరు? "కట్టె బంగ్లా" అని పేరు పెట్టేశారు. పేరు పెట్టినవాళ్ళే ఎగబడి పిల్లల్ని పంపుతున్నారు, అది వేరే సంగతి.

ఈ వారమంతా ముసురు. ఆ ముసురుతోపాటే ఈ చప్పుడూ మొదలైంది.

"కర్ర తడికి ఉబ్బితే గట్ల చప్పుడైతదట జంగప్పా. రిత్విక్ సార్ నిన్ననే ఫోన్ల చెప్పిండు. ఇయ్యాల వచ్చి చూస్తడట," అంది అరుణాదేవి. జంగప్పకు చెప్పిందో తనకే చెప్పుకుందో ఆమెకే తెలియలేదు.

"కట్టినాయన గట్లనే చెప్తడు. వికారాబాద్ల కూసున్నోనికి ఏమెర్క? నా సగం బతుకు గనిల్నే పాయె మేడం. బండ కూలే ముందు గిట్లనే అంటది. గది ఇన్నమంటే గడ్డపార ఆడ్నే ఇడిసి ఉరుకుడే. మా మల్లేశ్వర్ ఉరకలే."

మల్లేశ్వర్ అతని తమ్ముడు. గనిలో ఏమయ్యాడో ఊళ్ళో అందరికీ తెలుసు.

టక్. ఈసారి వెంటనే సన్నగా ఏదో జలజలా రాలిన చప్పుడు. అరుణాదేవి ఉలిక్కిపడి నేల వైపు చూసింది. ఏమీ రాలలేదు. అది మరీ భయపెట్టింది. లోపల్లోపలే ఏదో పొడి పొడి అయిపోతోందా? ఒక్క దూలం దిగినా ఇంతమంది పిల్లలు! తల్లులకు ఏం ముఖం చూపించాలి? అసలు ప్రణవి సరిగ్గా మధ్య దూలం కిందే కూర్చుంది.

"సారొచ్చేదాంక ఆగొద్దు. పిల్లల్ని బయటికి తీస్కపోదాం."

"గీ వానల యాడికి మేడం? పక్క పాత హాల్లకు తోల్త. తాళం నా దగ్గర్నే ఉన్నది. తాతల నాటి కట్టుడు. గుట్ట లెక్కుంటది."

నిజమే. కొత్తది తెరిచినప్పటి నుంచీ అటు పోయినవాళ్ళే లేరు గానీ, ఎన్ని వానలు చూడలేదది! అరుణాదేవి చప్పట్లు కొట్టింది. "లేవుండ్రి పిల్లలూ! ఇయ్యాల కథ పక్క హాల్ల. ఉరకకుండ్రి, లైన్ల నడువుండ్రి."

గుమ్మం దగ్గర ప్రణవి ఆమె కొంగు పట్టుకుంది. "మమ్మీ, ఈడ చీకటున్నది. నాకు భయమైతుంది."

"ఫికర్ చెయ్యకు బిడ్డా. బండలిల్లు. దీనికేం గాదు."

ఆ చిన్న వేళ్ళను తనే విడిపించి లోపలికి పంపింది. జంగప్పను వాళ్ళతోనే ఉండమంది. ఏ పిల్లా బొమ్మల పుస్తకం కోసం వెనక్కి పరుగెత్తకుండా బయట గడియ పెట్టింది. అప్పుడు గానీ ఆమెకు ఊపిరాడలేదు.

ఇంతలో రిత్విక్ వచ్చాడు. బైకు మీద తడిసి ముద్దయ్యాడు పాపం, తల కూడా తుడుచుకోకుండా నిచ్చెనెక్కాడు. కలప కట్టడమంటే ప్రాణం పెట్టే కుర్ర ఆర్కిటెక్ట్. ఒక్కో దూలం అతుకూ టార్చి వేసి చూశాడు, వేలితో తడిమాడు. అరుణాదేవి గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"దిగుండ్రి సార్, మీ కాళ్ళు మొక్కుత. మీ మీద పడ్తే?"

"ఏం పడ్తది మేడం? ఒక్క అతుకు కదల్లేదు. వెంట్రుకంత పగులు లేదు."

"మరి చప్పుడో? మేం పిచ్చోళ్ళమా? నా చెవుల్తోని ఇన్న."

రిత్విక్ దిగి వచ్చాడు. అతని ముఖంలోనూ ఇప్పుడు ధీమా లేదు. "చప్పుడు నేను కూడ ఇనాలె. ఈ గోలల తెలుస్తలేదు. పిల్లల్ని జర సేపు మాట్లాడొద్దనుండ్రి."

అరుణాదేవి వరండాలోకి వెళ్ళి గడియ వేసిన తలుపు తట్టింది. "జంగప్పా, పిల్లల్ని జర గప్‌చుప్ కూసోబెట్టు."

అవతల పాట ఆగిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వూ ఆగింది.

ఆమె ధైర్యం చేసి రిత్విక్ పక్కకు వచ్చి నిలబడింది. బయట వాన పడుతూనే ఉంది. ఇద్దరూ మధ్య దూలం వైపే కళ్ళప్పగించి చూస్తున్నారు. ఏ క్షణాన విరిగినా బయటికి దూకడానికి సిద్ధంగా ఆమె గుమ్మం వైపు ఒక కాలు పెట్టుకుంది. పిల్లలు ఇక్కడ లేరు, అదే చాలు అనుకుంది.

టక్.

చప్పుడు పిల్లలున్న రాతి హాల్లోంచి వచ్చింది.